సర్వీసింగ్ లేటయితే ఈవీ బ్యాటరీ వారంటీ పోతుందా?

ఫోన్‌కి సర్వీసింగ్ షెడ్యూల్ ఉండదు. పాడైతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తాం, వారంటీలో ఉందో లేదో చూస్తారు, అంతే. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని కూడా చక్రాలున్న ఫోన్‌లాగే చూస్తున్నారు. ఇంజన్ ఆయిల్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, ఇంక సర్వీసింగ్‌లో చేసేదేముంది అనుకుని నెలల తరబడి వాయిదా వేస్తారు. తర్వాత ఎవరో "నీ వారంటీ పోయినట్టే" అనగానే గుండె గుభేలుమంటుంది. కారులో అన్నిటికన్నా ఖరీదైన పార్ట్ బ్యాటరీ ప్యాకే మరి. అది చేతి డబ్బుతో మార్చుకోవాలంటే లక్షల్లో మాట.

సూటిగా చెప్పాలంటే, ఒక్క సర్వీస్ లేటయినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దయిపోవడం అరుదు. కానీ ఆ లేటు వల్లే ఈ ఫాల్ట్ వచ్చిందని కంపెనీ చూపించగలిగితే ఆ క్లెయిమ్ పోతుంది. వారంటీ రద్దవడం వేరు, ఒక క్లెయిమ్ తిరస్కరించడం వేరు. సర్వీస్ అడ్వైజర్లు నోటిమాటగా చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

కారు ఒకటే, వారంటీలు చాలా

ముందు ఏ వారంటీ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. బండి మొత్తానికి ఒకటి, హై వోల్టేజ్ బ్యాటరీకి, మోటార్‌కి ఇంకొకటి. 12 వోల్టుల చిన్న బ్యాటరీకి, టైర్లకి షరతులు వేరుగా ఉంటాయి. డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ మరో ఒప్పందం, దాంట్లో సర్వీసింగ్ షరతులు సాధారణంగా ఇంకాస్త కఠినంగా ఉంటాయి.

మన దేశంలో బ్యాటరీకి ఎక్కువగా కనిపించేది 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కి ఇదే లెక్క. ఇప్పుడు ట్రెండ్ "లైఫ్‌టైమ్". ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ ఆ మాటతోనే 2024లో వచ్చాయి. 2025లో టాటా కూడా కర్వ్ ఈవీకి, 45 కిలోవాట్ అవర్ నెక్సాన్ ఈవీకి ప్రకటించింది. అయితే టాటా దృష్టిలో లైఫ్‌టైమ్ అంటే రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు, అదీ మొదటి ఓనర్‌కే. మహీంద్రాలో రెండో ఓనర్‌కి అది 10 ఏళ్లు లేదా 2 లక్షల కి.మీ. అవుతుంది. యాడ్‌లో పెద్ద అక్షరాలు ఎంత ఉదారంగా ఉంటే బుక్‌లెట్‌లో చిన్న అక్షరాలు అంత జాగ్రత్తగా చదవాలని నా అభిప్రాయం.

బుక్‌లెట్‌లో వెతకాల్సిన వాక్యం

వారంటీ బుక్‌లెట్ మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. "మెయింటెనెన్స్" అన్న పదం ఎక్కడెక్కడ ఉందో చూడండి చాలు. పీడీఎఫ్ అయితే సెర్చ్ చేస్తే దొరుకుతుంది. అక్కడ రెండు రకాల వాక్యాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. మొదటిది: సరైన మెయింటెనెన్స్ లేకపోవడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు. రెండోది: షెడ్యూల్ ప్రకారం అన్ని సర్వీసులూ ఆథరైజ్డ్ సెంటర్‌లో చేయించి ఉంటేనే వారంటీ చెల్లుతుంది.

కోడ్ రాసేవాళ్లకి తేడా వెంటనే అర్థమవుతుంది. మొదటి దాంట్లో కండిషన్ "వల్ల" అన్న పదం మీద ఆధారపడి ఉంది. కారణం, ఫలితం రెండూ కలవాలి. క్యాబిన్ ఏసీ ఫిల్టర్ లేటుగా మార్చారని మోటార్ క్లెయిమ్ ఆపడానికి అందులో దారి లేదు. రెండో దాంట్లో సర్వీస్ రికార్డే గేట్ లాంటిది, అది దాటితేనే లోపలికి. మీ బుక్‌లెట్‌లో ఈ రెండో వాక్యం ఉంటే లేటు విషయం తేలిగ్గా తీసుకోకండి. కొన్ని కంపెనీలు ఇన్ని రోజులు లేదా ఇన్ని కిలోమీటర్ల వరకు సడలింపు అని రాస్తాయి. అది కూడా అక్కడే ఉంటుంది.

ఇంకో మెలిక "ఏది ముందైతే అది". ఉదాహరణకి షెడ్యూల్ 12 నెలలు లేదా 15,000 కి.మీ. అనుకుందాం. వర్క్ ఫ్రమ్ హోమ్ మనిషి ఏడాదికి 6,000 కి.మీ. కూడా తిప్పడు. "ఇంకా సగం కూడా తిరగలేదు కదా" అనుకుంటాడు. కానీ 12 నెలలు నిండగానే సర్వీస్ డ్యూ అయినట్టే. తక్కువ తిరిగే కార్లే ఎక్కువగా లేటవుతాయి.

లేటు నిజంగా ఎక్కడ దెబ్బ కొడుతుంది

అన్నిటికన్నా ముఖ్యమైనది కూలెంట్. పాత తరం నిస్సాన్ లీఫ్, సిట్రోయెన్ ఈసీ3 లాంటి కార్లలో బ్యాటరీని గాలితోనే చల్లబరుస్తారు, వాటికి ఈ గొడవ లేదు. నెక్సాన్ ఈవీ లాంటివాటిలో బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉంటుంది. ఆ ద్రవం నీళ్లు, గ్లైకాల్, తుప్పు పట్టకుండా ఆపే రసాయనాల మిశ్రమం. కాలం గడిచేకొద్దీ ఆ రసాయనాల బలం తగ్గుతుంది. ఎక్కడైనా చిన్న లీకేజీ ఉంటే లెవెల్ పడిపోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఫాస్ట్ చార్జింగ్ పెట్టినప్పుడు సెల్స్ వేడెక్కితే, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అదే బీఎంఎస్, చార్జింగ్ స్పీడ్ తగ్గించి ప్యాక్‌ని కాపాడుతుంది. అలా ఎప్పుడో ఒకసారైతే పర్లేదు, నెలల తరబడి వేడిలోనే నడిస్తే సెల్స్ వయసు త్వరగా పెరుగుతుంది. డ్యూ అయిన కూలెంట్ చెక్ వదిలేసి, తర్వాత వేడి వల్ల పాడైన ప్యాక్‌కి క్లెయిమ్ అడిగితే కంపెనీ చేతికి మనమే కారణం ఇచ్చినట్టు.

దీనికన్నా ప్రమాదకరమైన పని ఒకటుంది. లెవెల్ తగ్గిందని బయట దొరికిన ఏదో కూలెంట్ పోయడం. కొన్ని ఈవీలకి కరెంటు తక్కువగా ప్రవహించే ప్రత్యేక కూలెంట్ వాడాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటే కావు. నన్నడిగితే మూడు నెలలు లేటుగా వెళ్లడం కన్నా ఈ టాప్ అప్ చాలా పెద్ద తప్పు.

రెండోది కారు కింది భాగం. బ్యాటరీ ప్యాక్ ఉండేది ఫ్లోర్ కిందే. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే. సర్వీస్‌లో కారుని లిఫ్ట్ మీద పైకెత్తినప్పుడే కేసింగ్‌కి సొట్ట పడిందా, సీల్ దెబ్బతిన్నదా అన్నది కనిపిస్తుంది. బయటి దెబ్బలు, వరద నీళ్లు వారంటీ కిందికి రావు, ఇన్సూరెన్స్ కిందికి వస్తాయి. కాబట్టి ఫలానా తేదీకి కింద అంతా బాగానే ఉందని జాబ్ కార్డ్‌లో ఉండడం మనకే సాక్ష్యం.

మూడోది సాఫ్ట్‌వేర్. కొన్ని అప్‌డేట్లు ఇంట్లో ఉండగానే వస్తాయి, బీఎంఎస్‌కి సంబంధించినవి కొన్ని సర్వీస్ సెంటర్‌లోనే వేస్తారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి దాన్నీ టైమ్‌కి మార్చాలి, కానీ దానికీ బ్యాటరీ వారంటీకీ సంబంధం లేదు.

రీకాల్ అనేది పూర్తిగా వేరే సంగతి. 2020 చివర్లో బ్యాటరీ సిస్టమ్‌లో లోపం ఉండొచ్చని హ్యుందాయ్ మన దేశంలో 456 కోనా ఎలక్ట్రిక్ కార్లను వెనక్కి పిలిచింది. రీకాల్ పనులు ఉచితంగా చేస్తారు, దానికి సర్వీస్ లేటుతో లింకు లేదు.

లాగ్స్ ఎవరి వైపు?

ఫోన్ లోపల నీళ్లు తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఉంటుంది కదా, ఈవీలో ఆ పని బీఎంఎస్ చేస్తుంది. సెల్ వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు గమనిస్తూ, తేడా వస్తే ఫాల్ట్ కోడ్ నమోదు చేస్తుంది. చాలా సిస్టమ్‌లలో ఆ కోడ్‌తోపాటు అప్పటి ఓడోమీటర్ రీడింగ్ కూడా ఉంటుంది. ఇది కంపెనీకి ఆయుధమే అనుకుంటారు, మనకీ అంతే.

మా టీమ్‌లో ఒకతను ప్రాజెక్ట్ పని మీద వేరే ఊళ్లో ఉండి సర్వీస్ నాలుగు నెలలు లేటుగా తీసుకెళ్లాడు. అప్పటికే ఫాస్ట్ చార్జింగ్ మధ్యలో కట్ అవుతోంది. అడ్వైజర్ "సర్వీస్ లేటు సార్, వారంటీ కష్టం" అన్నాడు. మనవాడు గొడవపడలేదు. "ఆ మాటే జాబ్ కార్డ్‌లో రాసి, డయాగ్నస్టిక్ రిపోర్ట్ కాపీ ఇవ్వండి" అన్నాడు. రిపోర్ట్ చూస్తే ఒక మాడ్యూల్‌లో సెల్ వోల్టేజ్ మిగతావాటికన్నా తక్కువ, ఆ కోడ్ మొదటిసారి వచ్చింది సర్వీస్ డ్యూ అవ్వకముందే. డ్యూ తేదీకి ముందే పుట్టిన లోపానికి లేటు ఎలా కారణమవుతుంది? మూడు వారాలకి మాడ్యూల్ వారంటీలో మార్చారు. లేటైన సర్వీస్ బిల్లు మాత్రం అతనే కట్టాడు, అది న్యాయమే. 12 వోల్టుల బ్యాటరీ కూడా అడిగాడుగానీ దాని గడువు అప్పటికే అయిపోయింది.

ఒక మాట గుర్తుంచుకోండి, రేంజ్ కాస్త తగ్గడం లోపం కాదు. చాలా కంపెనీలు బ్యాటరీ సామర్థ్యం గడువులోపు 70 శాతం కన్నా తగ్గితేనే క్లెయిమ్ తీసుకుంటాయి. 88 శాతంతో వెళ్లి గొడవ చేస్తే ఉపయోగం లేదు.

ఇప్పటికే లేటయిందా?

ఫాల్ట్ రాకముందే వెళ్లండి. వదిలేసిన సర్వీస్‌లో ఏమేం చేయాలో అవన్నీ చేయమని, బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ ఇవ్వమని అడగండి. తర్వాత "నా వారంటీ ఇప్పటికీ యాక్టివ్‌గా ఉందా?" అని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఛాసిస్ నంబర్‌తో ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో అడిగితే ఏం చెప్పారో రేపు ఎవరికీ గుర్తుండదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ క్లాజ్ ప్రకారమో, లేటుకీ ఫాల్ట్‌కీ సంబంధం ఏంటో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేయొచ్చు. కారుకి కట్టిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌కి వెళ్తుంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. వివాదం పుట్టినప్పటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి కాబట్టి, తేదీతో సహా ఆ తిరస్కరణ ఈమెయిల్‌ని దాచుకోండి.