ముందు అక్షరం, తర్వాతే రంగు



పాత పేజ్‌మేకర్, పాత కోరల్‌డ్రా, అను ఫాంట్లతో అరకులో నీ డీటీపీ షాపు నడుస్తూనే ఉంది కదా, ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్‌కీ రంగులు సరిచూసే పరికరాలకీ డబ్బు పెట్టాలా అని అడిగావు. ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి అక్షరం గురించి, ఇంకోటి రంగు గురించి. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ ఒకే మూట కట్టి చూపిస్తారు కాబట్టి మనకీ ఒకటిగానే కనిపిస్తాయి. విడదీసి చూడు. అక్షరం విషయంలో మారక తప్పదు, ఎంత త్వరగా మారితే అంత మేలు. రంగు విషయంలో మాత్రం నీకు ముందు కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు. ఎందుకో వివరంగా రాస్తాను.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ మీదే పని చేసింది. అయినా తెలుగునాట డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ ఇంకా బతికే ఉందంటే అది ఆపరేటర్ల బద్ధకం వల్ల కాదు. అను, శ్రీలిపి ఫాంట్లతో ఒత్తులూ గుణింతాలూ అందులో కుదురుకున్నంత చక్కగా చాలా ఏళ్లు మరెక్కడా కుదరలేదు. కానీ ఆ కుదురు వెనక ఉన్న పద్ధతిని నువ్వు తెలుసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు, తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకో చోట. తెర మీద తెలుగు కనిపిస్తున్నా ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. అందులో ఒక మాట వెతకలేవు, ఆ పాఠాన్ని ఫోన్‌లో ఎవరికీ పంపలేవు. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. మన షాపులు దాన్ని అందుకోవడంలోనే ఆలస్యమైంది.

మైదానంలో ఈ ఆలస్యం వల్ల పోయేది కొంత సౌకర్యమే. కొండల మీద పోయేది అంతకంటే పెద్దది. నీ చుట్టూ కువి, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జా మాట్లాడే ఊళ్లున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో మాతృభాషా బోధన మొదలైనప్పుడు కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ వంటి భాషల్లో పిల్లలకు వాచకాలు తయారయ్యాయి, అవి తెలుగు లిపిలోనే వచ్చాయి. ఈ భాషల్లో పాటల పుస్తకమో, ఆరోగ్యం గురించి కరపత్రమో, గ్రామసభ నోటీసో నీ షాపులో టైపు అయితే, ఆ పాఠానికి ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి నీ ఫైలే కావచ్చు. గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద రాసిన పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. దాన్ని ఇవాళ కూడా తెరిచి చదువుకోవచ్చు. ఇరవై ఏళ్ల కిందటి పేజ్‌మేకర్ ఫైలును అలా తెరవగలమన్న భరోసా లేదు. నేను మార్పు కోరుతున్నది ముఖ్యంగా ఇందుకే.

దీనికి నువ్వు చెప్పబోయే అభ్యంతరాలు ఊహించగలను. వైజాగ్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్‌వాళ్లు ఇంకా అను ఫైలే అడుగుతున్నారంటావు. వాళ్లు ప్లేటు తీయడానికి నీ అసలు ఫైలు అక్కర్లేదు, ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ చాలు. ఘాట్ రోడ్డు దిగి నూట పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఒత్తు ఎగిరిపోయిందని తెలిసే బాధ కూడా దాంతో చాలావరకు తప్పుతుంది. చేతికి అలవాటైన కీబోర్డు పోతుందంటావు. అదే ఆపిల్ కీబోర్డు పద్ధతిలో యూనికోడ్ కొట్టే సాధనాలున్నాయి, వేళ్లు కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే. ఖర్చు మాటకొస్తే, అక్షరం మార్చడానికి పెద్ద ఖర్చు లేదు. స్క్రైబస్ ఉచితం. 2024లో వచ్చిన దాని 1.6 వెర్షన్ తెలుగు ఒత్తులను సరిగ్గా కూరుస్తుంది. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు కూడా ఉచితమే. నీ చేతిలో ఇన్‌డిజైన్ ఉంటే, 2012లో వచ్చిన సీఎస్6 నుంచీ అందులో భారతీయ లిపులకు వీలుంది. పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అది ఎంచుకోక ఒత్తులు విడిపోతే, ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదని తీర్మానించుకుని మళ్లీ పేజ్‌మేకర్‌కే వెళ్లినవాళ్లు చాలామంది. అసలు ఖర్చంతా నీ సమయమే. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు కొన్ని సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు చేస్తాయి, మార్చిన ప్రతి పేజీనీ మళ్లీ ప్రూఫు చదవాల్సిందే. అందుకే అన్నీ ఒకేసారి మార్చకు. పాత మిషన్‌ని నెట్ కలపకుండా ఒక మూల ఉంచు. ఏ పని మళ్లీ అచ్చుకి వస్తే దాన్నే మార్చు.

ఇక రంగు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ, మిరియాలు, పసుపు, తేనె ప్యాకెట్లకు లేబుళ్లు వేయించే చిన్న సంఘాలు నీ దగ్గరికి వస్తాయి. వాళ్ల ఫిర్యాదు ఒక్కటే, పోయిన సీజన్లో వేసిన గోధుమరంగు ఈసారి రాలేదని. ఆ మాట వినగానే సాఫ్ట్‌వేర్ పాతదైపోయిందని అనుకోకు. సుమారు 900 మీటర్ల ఎత్తున, ఆరు నెలలు మంచూ వానా ఉండే చోట కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన కాగితం మీద నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. దానికి తోడు నల్లక్షరాలను నాలుగు సిరాలు కలిపిన నలుపులో వేస్తే, వట్రసుడి, ఒత్తుల సన్నని గీతలు అలుక్కుపోతాయి. బరువు, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు చదవడానికి వీల్లేకుండా పోతాయి. పాఠానికి నలుపు సిరా ఒక్కటే 100 శాతం ఉండాలి, మిగతా మూడూ సున్నా. వర్డ్ నుంచో వెబ్ నుంచో తెచ్చిన నలుపు ఆర్‌జీబీలో ఉంటుంది, దాన్ని సీఎంవైకేలోకి మార్చగానే నాలుగు సిరాల నలుపు అయిపోతుంది. ఎంత కొత్త వెర్షన్ కొన్నా ఈ తప్పు దానంతట అది పోదు. చూసి దిద్దుకోవలసింది నువ్వే.

కాబట్టి రంగు కోసం పెట్టే డబ్బుకి ఒక వరస ఉంది. కాగితం రీముల్ని చుట్టిన కవర్లోనే, గోడకి దూరంగా, నేలకి ఎత్తుగా ఉంచడం మొదటిది. నమూనాని చూసే చోట మంచి తెల్లని వెలుగు ఉండడం రెండోది. అచ్చు పరిశ్రమ ఒప్పుకున్న ప్రమాణం 5000 కెల్విన్. పసుపుపచ్చని బల్బు కింద ఒప్పుకున్న రంగు ఎండలో వేరుగా కనిపిస్తుంది, తగవు అక్కడే మొదలవుతుంది. మూడోది మానిటర్‌ని కొలిచే కలరీమీటర్. కొనవలసిన పరికరం నిజానికి ఇదొక్కటే. ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది, దాన్ని నడిపే ఆర్గిల్ సీఎంఎస్, డిస్‌ప్లేకాల్ ఉచితంగా దొరుకుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ వీటి తర్వాతే.

పాంటోన్ రంగులు కావాలంటే చందా సాఫ్ట్‌వేర్ ఉండాలి కదా అంటారు. 2022 నవంబరులో ఏం జరిగిందో చూడు. అంతవరకూ అడోబీ ప్రోగ్రాముల్లో కలిసి వచ్చిన పాంటోన్ రంగుల పట్టీల్లో చాలావాటిని తీసేశారు, వాటికి వేరే చందా అడిగారు. పాత ఫైళ్లలో ఆ రంగులున్న చోట నలుపు కనిపించిందని డిజైనర్లు గగ్గోలు పెట్టారు. అద్దెకు తెచ్చుకున్న రంగు అలాగే పోతుంది. దానికంటే, ఖాతాదారు ఒప్పుకుని సంతకం పెట్టిన అచ్చు నమూనా మీద సీఎంవైకే అంకెలూ, కాగితం పేరూ, జీఎస్‌ఎమ్‌మూ రాసి వెలుతురు తగలని కవర్లో దాచు. వచ్చే సీజన్లో ఆ కవరే నీకు సాక్ష్యం. పెద్ద కంపెనీ ఏదైనా పాంటోన్ నంబరుతోనే పని ఇస్తే, ఆ నెలకి చందా కట్టి ఆ ఖర్చు ఆ పని రేటులోనే వేసుకో. అందులో మొహమాటం అక్కర్లేదు.

చందా గురించి ఇంకొక మాట. ఆ ప్రోగ్రాములు ఎప్పుడో ఒకప్పుడు నెట్‌కి కలిసి లైసెన్స్ సరిచూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు మన ప్రాంతానికి కరెంటూ, సిగ్నలూ పోయాయి. కొండ మీద షాపు పెట్టినవాళ్లు అలాంటి రోజుల్ని లెక్కలో వేసుకునే పరికరం ఎంచుకోవాలి. అలాగని దొంగ కాపీ వేసుకోకు. దాంతో వచ్చే వైరస్ నీ కంప్యూటర్‌తోనే ఆగదు, పెన్‌డ్రైవ్‌లో ఖాతాదారు ఇంటిదాకా వెళ్తుంది. వైరస్ మాట వచ్చింది కాబట్టి, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ భద్రతా మద్దతు ముగిసింది. నెట్‌కి కలిపే మిషన్ మటుకు కొత్త విండోస్‌తోనే ఉండాలి, ఈ ఖర్చు దగ్గర వెనకాడకు.

ఈ వానలు తగ్గేలోపల పాత ఫైళ్ల జాబితా రాసి పంపు. అందులో కువి, ఆదివాసీ ఒడియా పాఠాలున్నవాటి పక్కన గుర్తు పెట్టు. ముందు అవి మారుద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య