కాలేయమునకు వంగెడు సూది

సూది యనగానే తిన్నని వస్తువే మన మనస్సునకు దోచును. బట్ట కుట్టునది, వైద్యుడు మందెక్కించునది, రెండును తిన్ననివే. గోనెసంచుల మూతులు కుట్టు దబ్బనము మాత్రము తఱచుగా కొనవద్ద వంగియుండును; సంచి లోపలివైపునకు చేయి పోని చోట కుట్టవలసి యుండుటచే దాని కా వంపు. కాలేయచికిత్సకై నేడు పరిశోధకులు వెదకుచున్నదియు నట్టి వంపే. అయితే దబ్బనపు వంపు కమ్మరి చేసిననాటినుండి మాఱనిది. వీరు కోరునది, సూది లోపలికి పోవుచుండగానే ఎక్కువ తక్కువలు చేయదగిన వంపు. అది యెందులకు వలసెనో, యెట్లు సాధింప జూచుచున్నారో పాఠకులకు కొంత వివరింప దలచితిమి.

పెద్దవారి కాలేయము ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాముల బరువుండును. కుడివైపు ప్రక్కటెముకల చాటున, ఊపిరితిత్తులను ఉదరమునుండి వేఱుచేయు కండరపు పొరకు దిగువ నది యమరియున్నది. దాని యడుగున పిత్తాశయ మంటియుండును. లోపల చెట్టుకొమ్మలవలె రక్తనాళములు వ్యాపించియున్నవి. ఒక ధమనియు, ప్రేవులనుండి వచ్చు నొక పెద్ద సిరయు దానికి రక్తము దెచ్చును; అందు సుమారు ముప్పాతికవంతు సిరనుండి వచ్చునదే. ఇట్టి యవయవమున పైభాగమందు గోళీకాయంత కంతి పుట్టినదనుకొందము. ఉదరము కోయకుండ సన్నని సూదిని కంతివఱకు పంపి, కొనను వేడిచేసి దానిని కాల్చివేయు పద్ధతి కలదు. 60 డిగ్రీల వేడిని దాటినచో జీవకణములు దాదాపు తత్‌క్షణమే నశించును. కాని తిన్నని సూదికి దారి సరళరేఖయే గదా! చర్మముపై ఏ బిందువునుండి గీచినను ఆ రేఖకు ప్రక్కటెముక యడ్డుపడవచ్చును, ఊపిరితిత్తి యంచు తగులవచ్చును, లావుపాటి సిర యెదురు కావచ్చును. అప్పుడు కొందఱికి పెద్దకోతయే గతి. అంతటి కోతకు తాళలేని బలహీనునకు ఈ చికిత్స కన్నులయెదుట నుండియు అందనిదగును.

తిన్నని సూదిని మేము తక్కువచేయుట లేదు. 1883లో జర్మనీయందు పాల్ ఎర్లిక్ కాలేయములోనికి సూది పంపి పరీక్షకై పదార్థమును తీసెను. 1958లో ఇటలీ వైద్యుడు మెంగీని, సూది కాలేయమునం దొక్క సెకనుమాత్రమే నిలుచు పద్ధతిని ప్రకటించెను. ఈనాటికిని ఎక్కువమంది రోగులకు తిన్ననిదే చాలును. వంపు కావలసినది మిగిలిన కొందఱికి.

వైద్యుని సూదికొనను పరికించి చూడుడు, ఏటవాలుగా కోసియుండును. మెత్తని పదార్థమున గ్రుచ్చినప్పుడు ఆ ముఖముపై ఒత్తిడి యొకవైపునుండియే కలుగును. పడవకు చుక్కాని యెట్లో సూది కా కొన యట్లు. లావు సూది దానిని లెక్కచేయదు. సన్ననిదై తేలికగా వంగు సూది మాత్రము ఇంచుమించు వృత్తచాపమున పోవును. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున వెబ్‌స్టరు, ఒకమురా మొదలగువారు 2006లో ఈ గమనమునకు సమీకరణములు ప్రకటించిరి. ముందుచక్రమును ఒకే కోణమున బిగించి సైకిలు త్రొక్కినచో అది గుండ్రముగా దిరుగును. వారు సూదిని అట్టి సైకిలుతోనే పోల్చిరి. పై తరగతులవా రీ లెక్క చేసి చూడవచ్చును: 20 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల వృత్తముపై సూది 10 సెంటీమీటర్లు పోయినచో, కొన తిన్నని దారినుండి సుమారు 2.4 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. త్రోవలోని పెద్ద సిరను తప్పించుటకు ఆ మాత్రము చాలును.

ఇక వంపును మార్చుట యెట్లు? పిట్స్‌బర్గు పరిశోధకులు 2007లో చూపిన యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. సూదిని గిరగిర త్రిప్పుచు నెట్టినచో ఏటవాలు ముఖము అన్ని దిక్కులకును సమముగా తిరుగును గనుక సూది తిన్నగా పోవును. త్రిప్పక నెట్టినచో సంపూర్ణముగా వంగును. కొంతసేపు త్రిప్పుచు, కొంతసేపు త్రిప్పక నెట్టినచో వంపు నడుమ నుండును. సగముకాలము త్రిప్పినచో వక్రతయు ఇంచుమించు సగమగును. సూదికి క్రొత్త భాగ మేదియు చేర్చనక్కఱలేదు.

అయితే కాలేయము మెత్తనిది. తాటిముంజెలో పుల్ల గ్రుచ్చి యాడిన బాలురు ఎఱుగుదురు, మెత్తని దానిలో కొనకు ఆనిక చిక్కదు. కావలసినంత వంపు రాదు. కొనను ముందే కొంచెము వంచియుంచినచో ఎక్కువ వంగును గాని, ఆ కొననే గిరగిర త్రిప్పినచో కవ్వమువలె చుట్టునున్న కణజాలమును చిలుకును. నెత్తురుతో నిండిన యవయవమున ఇది సామాన్యమైన కీడు కాదు. వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమువారు 2013లో దీనికి ప్రతిక్రియ చూపిరి. కొనకు వెనుక లోహమును కొంత కోసివేసి, మిగిలిన సన్నని భాగము కీలువలె మడతపడునట్లు చేసిరి. నెట్టునప్పుడు కొన వంగును, త్రిప్పునప్పుడు తిన్ననగును. వంపు హెచ్చినది, గాయము తగ్గినది.

వేఱు మార్గములును గలవు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు 2005లో తెలిపిన సూదిలో, తిన్నని గొట్టములోపల ముందే వంచిన కడ్డీ యుండును. దానిని వెలికి ఎంత త్రోసిన అంత వంపు. ఇట్టి పనికి ఉక్కుతీగ యంతగా తగదు. ఎక్కువ వంచినచో ఆ రూపముననే నిలిచిపోవును. నికెలు, టైటానియములు కలిసిన నిటినాలు లోహము తనలో నూటికి ఏడెనిమిది వంతులు సాగియు మరల తన రూపమునకు వచ్చును. 1959 ప్రాంతమున అమెరికా నౌకాదళపు ఆయుధప్రయోగశాలలో బ్యూలరు దీనిపై పనిచేసెను; పేరులోని చివరి యక్షరము లా ప్రయోగశాలవే. లండను ఇంపీరియలు కళాశాలవారు కందిరీగజాతి పురుగును గురువుగా గొనిరి. అది గ్రుడ్లు పెట్టు సూది ఒకదానిపై నొకటి జాఱు భాగములతో నేర్పడినది. వారి సూదియు నట్టిదే: ఒక భాగమును రెండవదానికంటె ముందునకు ఎంత జరిపిన, కొన యంత వంకర.

ఇన్ని యుపాయములును కదలని జిగురుముద్దలో పరీక్షించుట సులభము. కాలేయ మట్లు నిలిచియుండదు; ఊపిరి తీసినప్పుడెల్ల ఒకటి రెండు సెంటీమీటర్లు క్రిందికి జరిగి మరల పైకి వచ్చును. సూది వంపును సరిగా లెక్కించినను, కంతి అప్పటికి చోటు మాఱును. 2023లో అమెరికా పరిశోధకులు బ్రతికియున్న పందుల ఊపిరితిత్తులలో, యంత్రమే వంగెడు సూదిని నడిపి నాళములను తప్పించి గుఱి చేర్చినట్లు ప్రకటించిరి. ఆ యంత్రము సూదిని ఎల్లవేళల నెట్టలేదు. శ్వాసక్రమమున తగిన సమయములు వచ్చినప్పుడే కొంచెము కొంచెముగా ముందునకు పంపి, తక్కినవేళ నిలిపియుంచి, దారిని మరల మరల లెక్కించుకొనుచు సాగెను.