కంపెనీని కొన్నారంటే ఏం కొన్నట్టు?

అమ్ములూ,

"గూగుల్ దగ్గర అంత డబ్బుంది, అంతమంది ఇంజనీర్లున్నారు. కావాల్సింది సొంతంగా చేసుకోవచ్చుగా, చిన్న కంపెనీల్ని ఎందుకు కొంటుంది?" అని అడిగావు. కామర్స్ చదివే పిల్ల అడగాల్సిన ప్రశ్నే. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఈ ఉత్తరం.

నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. దాన్ని నడిపించే ఆండ్రాయిడ్‌ను గూగుల్ 2005లో కొంది. అప్పటికి ఆండ్రాయిడ్ అంటే ఆండీ రూబిన్, ఆయనతోపాటు మరికొందరు పెట్టుకున్న చిన్న సంస్థ. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్ ఒక్కటి కూడా అప్పటికి బజారులో లేదు. నువ్వు పాఠాలు వినే యూట్యూబ్‌ను 2006 అక్టోబరులో 165 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. దారి చూపించే మ్యాప్స్‌కు మూలం సిడ్నీలో నలుగురు కలిసి పెట్టిన వేర్ టూ టెక్నాలజీస్. దాన్ని 2004లో కొంది. ఆ ఏడాదే కొన్న కీహోల్ తర్వాత గూగుల్ ఎర్త్ అయింది. 2006లో కొన్న రైట్లీ నుంచి గూగుల్ డాక్స్ వచ్చింది. సెర్చ్, జీమెయిల్, క్రోమ్ మాత్రం గూగుల్ సొంతంగా చేసుకున్నవే.

ఈ అలవాటు గూగుల్‌తో మొదలవలేదు, గూగుల్‌తో ఆగిపోలేదు. మీ కాలేజీ సెమినార్లలో కనిపించే పవర్‌పాయింట్ మైక్రోసాఫ్ట్‌లో పుట్టింది కాదు. 1987లో ఫోర్‌థాట్ అనే సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొంటే వచ్చింది. స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ అనే సంస్థను 1996 డిసెంబరులో కొంటున్నట్టు ఆపిల్ ప్రకటించింది. ఆ బేరంతోనే జాబ్స్ ఆపిల్‌కు తిరిగొచ్చాడు. ఐఫోన్‌లో నేటికీ నడుస్తున్న సాఫ్ట్‌వేర్ పునాది ఆ నెక్స్ట్‌దే.

ఇవి పత్రికలకెక్కిన కొనుగోళ్ళు. పత్రికలకెక్కనివి ఇంకా చాలా ఉన్నాయి. గూగుల్, అమెజాన్, ఆపిల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్ 2010 నుంచి 2019 దాకా జరిపిన లావాదేవీలను అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క తీసింది. ముందస్తుగా ప్రభుత్వానికి చెప్పాల్సిన అవసరం లేనివి, 10 లక్షల డాలర్లకు మించినవి 616 తేలాయి. పదేళ్ళు, అయిదు కంపెనీలు. సగటున ఆరు రోజులకొకటి.

ఇక నీ ప్రశ్న. కంపెనీని కొన్నారంటే అసలు ఏం కొన్నట్టు? ఒక్కోసారి ఒక్కొక్కటి.

కొన్నిసార్లు కాలాన్ని కొంటారు. యూట్యూబ్‌ను కొనేనాటికి గూగుల్‌కు గూగుల్ వీడియో అనే సొంత సర్వీసు ఉంది. ఇంజనీర్లున్నారు, సర్వర్లున్నాయి. అయినా జనం యూట్యూబ్‌కే వెళ్ళారు. యూట్యూబ్ పుట్టి అప్పటికి రెండేళ్ళయినా నిండలేదు, ఉద్యోగులు డెబ్బై మంది కూడా లేరు. జనానికి ఒకచోట వీడియో పెట్టడం, ఇంకొకరికి పంపడం అలవాటైపోయాక ఆ అలవాటును మరోచోటికి మళ్ళించడం ఎంత డబ్బున్నవాడికైనా కష్టం. మామిడి టెంక పాతి ఏళ్ళ తరబడి కాచుకునే బదులు కాపుకొచ్చిన తోటను కొనుక్కున్నట్టు, గూగుల్ యూట్యూబ్‌ను కొనుక్కుంది.

కొన్నిసార్లు మనుషుల్ని కొంటారు. 2008లో ఆపిల్ పీ.ఎ. సెమీ అనే చిప్ డిజైన్ సంస్థను 27.8 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఆ సంస్థ అమ్ముతున్న చిప్‌ల మీద ఆపిల్‌కు ఆసక్తి లేదు. తక్కువ కరెంటుతో నడిచే చిప్‌లు గీయగల ఇంజనీర్లు ఒకే గూట్లో దొరికారు, అదీ కావాల్సింది. 2010లో మొదటి ఐప్యాడ్‌తో ఏ4 చిప్ వచ్చింది. 2020లో ఇంటెల్‌ను పక్కనపెట్టి ఆపిల్ తన కంప్యూటర్లలో సొంత ఎం1 చిప్‌ను పెట్టుకోగలిగింది. ఆ పన్నెండేళ్ళ దారికి మొదటి అడుగు ఆ కొనుగోలే.

మూడోది గిరాకీ, బజారు. 2007లో 310 కోట్ల డాలర్లకు డబుల్‌క్లిక్‌ను కొంటామని గూగుల్ ప్రకటించింది. సెర్చ్ ఫలితాల పక్కన ప్రకటనలు వేయడం గూగుల్‌కు అప్పటికే వచ్చు. ఇతర వెబ్‌సైట్లలో బొమ్మల ప్రకటనలు పెట్టే వ్యాపారం, ఆ వెబ్‌సైట్లతో ఏళ్ళ నాటి సంబంధాలు డబుల్‌క్లిక్ దగ్గర ఉన్నాయి. ఆ బేరంతో రెండూ ఒకచోట చేరాయి.

నాలుగోది జాగ్రత్తగా చదువు. కొన్నిసార్లు రేపటి పోటీదారును కొంటారు.

2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు చెప్పింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పనిచేసేవాళ్ళు పదమూడు మంది. వాడేవాళ్ళు సుమారు మూడు కోట్లు. రాబడి సున్నా. బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకుంటున్న నీకు ఇది పిచ్చి బేరంలా కనిపిస్తుంది. ఆ లెక్క అర్థం కావాలంటే దానికి రెండు నెలల ముందు నడిచిన ఈమెయిళ్ళు చూడాలి. 2020లో అమెరికా కాంగ్రెస్ కమిటీ వాటిని బయటపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలు ఇప్పుడు చిన్నవే అయినా బాగా పెరిగితే మనకు ప్రమాదమని మార్క్ జుకర్‌బర్గ్ తన ఆర్థిక అధికారికి రాశాడు. ఆ అధికారి తిరిగి అడిగాడు: కొనడం దేనికి? పోటీ రాకుండా చేయడానికా, మంచి పనివాళ్ళ కోసమా, మన సర్వీసులో కలుపుకోవడానికా? మొదటిదీ మూడోదీ కలిపి అని జవాబొచ్చింది. మనం నిజంగా కొంటున్నది కాలాన్ని అని కూడా అందులో ఉంది. ముప్పావుగంట గడిచాక జుకర్‌బర్గ్ నుంచే ఇంకో ఈమెయిల్ వచ్చింది. మనతో పోటీ పడకుండా ఆపడానికి కొంటున్నామని నా ఉద్దేశం కాదు, అని.

ఆ రెండు ఈమెయిళ్ళనూ పక్కపక్కన పెట్టుకుని చదువు. పాఠ్యపుస్తకంలో పేజీల కొద్దీ ఉండే పోటీ చట్టం సారమంతా ఆ ముప్పావుగంటలో ఉంది.

ఇప్పుడు ధర సంగతి. పేపర్లో పడే అంకె చూసి అంత డబ్బూ చేతులు మారిందనుకుంటాం. ఇన్‌స్టాగ్రామ్‌కు ఫేస్‌బుక్ ఇస్తానన్న నగదు 30 కోట్ల డాలర్లు. మిగతాది ఫేస్‌బుక్ షేర్లు. మే నెలలో ఫేస్‌బుక్ స్టాక్ మార్కెట్లోకి వచ్చింది, షేరు ధర పడింది. సెప్టెంబరులో బేరం పూర్తయ్యేసరికి మొత్తం విలువ 71.5 కోట్ల దగ్గర తేలింది. వాట్సాప్ విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. 2014 ఫిబ్రవరిలో ప్రకటించిన 1,900 కోట్ల డాలర్లలో నగదు 400 కోట్లు, షేర్లు 1,200 కోట్లు. మిగిలిన 300 కోట్లు సంస్థాపకులకూ ఉద్యోగులకూ నాలుగేళ్ళలో విడతలుగా ఇచ్చే షేర్లు, అంటే ఉద్యోగంలో ఉంటేనే దక్కేవి. ఈలోపు ఫేస్‌బుక్ షేరు పెరిగి, అక్టోబరులో బేరం ముగిసేనాటికి విలువ 2,100 కోట్లు దాటింది. షేరు ధర బాగున్న పెద్ద కంపెనీకి ఆ షేరే నోటులా చెల్లుతుంది. ఆ వసతి చిన్న కంపెనీకి లేదు. పెద్దవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళవడానికి ఇదొక ముఖ్య కారణం.

కొన్న ప్రతిదీ కలిసొస్తుందనుకోకు. 2013 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొంటానంది. అప్పటి అధిపతి స్టీవ్ బాల్మర్. 2014 ఏప్రిల్‌లో బేరం పూర్తయ్యేసరికి ఆ కుర్చీలో హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ ఉన్నారు. సుమారు పాతికవేల మంది ఉద్యోగులు నోకియా నుంచి మైక్రోసాఫ్ట్‌కు మారారు. జులైలో పద్ధెనిమిది వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అందులో సుమారు పన్నెండున్నర వేలు నోకియా నుంచి వచ్చినవాళ్ళవే. మరుసటి ఏడాది 760 కోట్ల డాలర్లను మైక్రోసాఫ్ట్ నష్టం కింద రాసేసుకుంది. అదే నాదెళ్ళ 2016లో లింక్డిన్‌ను, 2018లో గిట్‌హబ్‌ను కొన్నారు. వాటిని వాటి పేర్లతోనే నడవనిచ్చారు. రెండూ పెరిగాయి.

కొనుగోలు తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి అనడానికి ఇంకో ఉదాహరణ వాట్సాప్. ప్రకటనలు ఎందుకు అమ్మమో వివరిస్తూ 2012లో వాట్సాప్ సంస్థాపకుల్లో ఒకడైన జాన్ కూమ్ బహిరంగంగా రాశాడు. 2014లో సంస్థను ఫేస్‌బుక్‌కు అమ్మారు. ఆ కొనుగోలును పరిశీలించిన యూరోపియన్ కమిషన్‌కు ఫేస్‌బుక్ ఒక మాట చెప్పింది: రెండు సర్వీసుల ఖాతాల్నీ నమ్మకంగా, వాటంతట అవే జతపడేలా చేయడం మాకు సాధ్యం కాదు, అని. 2016లో వాట్సాప్ ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్ ఖాతాలతో కలిపే వీలు కల్పించారు. ఆ సాంకేతిక వీలు 2014లోనే ఉందని తేల్చి, తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చినందుకు 2017 మేలో కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. వాట్సాప్ పెట్టిన ఇద్దరిలో బ్రయాన్ యాక్టన్ 2017లో, కూమ్ 2018లో వెళ్ళిపోయారు. ఇన్‌స్టాగ్రామ్ పెట్టిన ఇద్దరూ 2018 సెప్టెంబరులో వెళ్ళిపోయారు. 2025 జూన్‌లో వాట్సాప్‌లో ప్రకటనలు తెస్తున్నామని, ఇప్పుడు మెటా అని పేరు మార్చుకున్న ఫేస్‌బుక్ చెప్పింది.

మన దేశంలో పెళ్ళి శుభలేఖ దగ్గర్నుంచి కిరాణా ఆర్డరు దాకా వాట్సాప్ మీదే నడుస్తున్నాయి. దాన్ని వాడేవాళ్ళెవరూ 2014 నాటి ఆ బేరంలో కూర్చోలేదు. మామయ్య మనసుకు పట్టేది ఇక్కడే. చిన్న సంస్థను నమ్మి జనం తమ నంబర్లూ మాటలూ అప్పగించాక, ఆ నమ్మకం కూడా సంస్థతోపాటు చేతులు మారుతుంది. దానికి మాత్రం ఏ కాగితంలోనూ ధర కట్టరు. అందుకే ప్రజల తరఫున ఒక చట్టం ఉండాలి, అది కళ్ళు తెరుచుకుని ఉండాలి.

మన చట్టంలో చాలాకాలం ఒక లొసుగు ఉండేది. కంపెనీల ఆస్తులూ టర్నోవరూ ఒక హద్దు దాటితేనే కొనుగోలును ముందుగా కాంపిటీషన్ కమిషన్‌కు చెప్పాలి. రాబడి లేకుండా కోట్లమంది వాడుకరులున్న సంస్థ ఆ వలకు చిక్కదు. 2023లో చట్టాన్ని సవరించారు. 2024 సెప్టెంబరు 10 నుంచి, బేరం విలువ రూ. 2,000 కోట్లు దాటి, అమ్ముడుపోతున్న సంస్థకు భారత్‌లో చెప్పుకోదగ్గ కార్యకలాపాలుంటే కమిషన్ అనుమతి తీసుకోవాల్సిందే.

బేరాన్ని ముందుగా ఆపితే ఏమవుతుందో అడోబ్ కథ చెబుతుంది. ఆ బేరం నాటి అడోబ్ అధిపతి శాంతను నారాయణ్ కూడా హైదరాబాద్‌వారే, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివారు. 2022 సెప్టెంబరులో అడోబ్ 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మా అనే డిజైన్ సంస్థను కొంటానంది. యూరప్, బ్రిటన్ నియంత్రణ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. 2023 డిసెంబరులో బేరం రద్దయింది. ఒప్పందం ప్రకారం అడోబ్ 100 కోట్ల డాలర్లు ఫిగ్మాకు కట్టింది. ఫిగ్మా సొంతంగా నిలబడి 2025 జులైలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైంది.

జరిగిపోయిన బేరాన్ని వెనక్కి తిప్పడం ఇంకా కష్టం. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను విడగొట్టాలంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020 డిసెంబరులో దావా వేసింది. 2025 నవంబరులో జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ మెటాకు అనుకూలంగా తీర్పిచ్చారు. టిక్‌టాక్, యూట్యూబ్ కూడా ఉన్న నేటి బజారులో మెటాకు గుత్తాధిపత్యం ఉందని కమిషన్ రుజువు చేయలేకపోయిందన్నారు. ఇన్‌స్టాగ్రామ్ విడిగా పెరిగి ఉంటే ఎలా ఉండేదో ఏ సాక్షీ చెప్పలేడు. కొనుగోలు రోజున అడగాల్సిన ప్రశ్నను పదేళ్ళ తర్వాత అడిగితే వచ్చే చిక్కు ఇదే.

ఇప్పుడు కంపెనీని కొనకుండానే కొన్నంత పని చేసే దారి ఒకటి వచ్చింది. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్, ఇన్‌ఫ్లెక్షన్ అనే ఏఐ సంస్థ అధిపతి ముస్తఫా సులేమాన్‌నూ అక్కడి ఉద్యోగుల్లో అధిక భాగాన్నీ తీసుకుంది. వాళ్ళ ఏఐ మోడళ్ళకు లైసెన్సు డబ్బు కట్టింది. ఇన్‌ఫ్లెక్షన్ పేరు అలాగే ఉంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ దీన్ని పరిశీలించి, విలీనం కిందకే వస్తుందని చెప్పింది. పోటీకి హాని లేదంటూ వదిలేసింది. రాబోయే ఏళ్ళలో ఇలాంటివే ఎక్కువ చూస్తావు.

నీకొక పని అప్పగిస్తున్నాడు మామయ్య. 2025 మార్చిలో గూగుల్ 3,200 కోట్ల డాలర్లు నగదుగా ఇచ్చి విజ్ అనే క్లౌడ్ భద్రతా సంస్థను కొంటానని ప్రకటించింది. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి కాలం, మనుషులు, బజారు, పోటీ అని రాసుకో. విజ్ గురించి దొరికిన ప్రతి వివరాన్నీ అది ఏ గడిలోకి వస్తుందో అందులో వెయ్యి. విజ్ సేవలు అమెజాన్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలోనూ నడుస్తాయి. ఆ రెండూ గూగుల్‌కు పోటీదారులు. విజ్ సేవలు మునుపటిలాగే అక్కడ నడుస్తాయా లేదా అన్నది అయిదో గడిగా పెట్టుకో. ఆ గడి ఇప్పుడే నిండదు, ఖాళీగానే ఉంచు. కొన్న కంపెనీ వార్షిక నివేదికలో గుడ్‌విల్ అనే పద్దు ఎంత పెరిగిందో కూడా చూడు. ఆస్తులకు మించి ఇచ్చిన ధర అక్కడ కూర్చుంటుంది. పరీక్షలయ్యాక ఆ పేజీని ఫొటో తీసి పంపు, కలిసి చూద్దాం. అమ్మనూ నాన్ననూ అడిగినట్టు చెప్పు.

మీ మామయ్య