రెండో దారి వేసేవాళ్లు

వానాకాలంలో అనంతగిరి ఘాట్‌లో కొండచరియ విరిగి రోడ్డు మీద పడితే ఏం చేయాలో అరకు మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. విశాఖ వెళ్లాల్సినవాళ్లు ఆ ఘాట్ మీదుగా వెళ్లే ఎస్.కోట దారి వదిలేస్తారు. డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు చేరి, అక్కడి నుంచి ఘాట్ దిగి మాడుగుల, చోడవరం పడతారు. చుట్టుదారే, ఒళ్లు హూనమవుతుంది, అయినా చేరతారు. రోడ్డు మధ్యలో తెగినా అటు నుంచి కొన్ని ఊళ్లకు, ఇటు నుంచి కొన్ని ఊళ్లకు బండి వెళ్తూనే ఉంటుంది. ఈ బొమ్మను మనసులో ఉంచుకోండి. ఒక ఉద్యోగం గురించి చెప్పబోతున్నాను. అందులో సగం పని ఈ బొమ్మలోనే ఉంది.

గూగుల్ సంస్థ 2025 అక్టోబర్ 14న విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని, 2026 నుంచి 2030 వరకు ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది. అంతకు రెండు రోజుల ముందే సిఫీ డేటా సెంటర్‌కు అక్కడ శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి పాడేరు, అరకు వైపు పిల్లలు నన్ను అడిగేది ఒకటే: ‘కోడింగ్ రాకపోతే అక్కడ మాకు పని ఉంటుందా?’ ఉంటుంది. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. డేటా సెంటర్ కట్టేటప్పుడు కనిపించే జనం అది నడిచేటప్పుడు ఉండరు. నడిపేవాళ్లు తక్కువమందే, కానీ వాళ్ల ఉద్యోగం నిలుస్తుంది. ఇదే పని చేసేవాళ్లు పెద్ద ఆసుపత్రులకు, బ్యాంకులకు, యూనివర్సిటీలకు, రేవుకు, ఉక్కు కర్మాగారానికి కూడా కావాలి. డేటా దాచుకునే ప్రతిచోటా డిస్కులు నిండుతాయి. నిండినప్పుడల్లా కొత్తవి కలపాలి. ఆ కలిపే మనిషి గురించే ఈ వ్యాసం.

ర్యాక్ అంటే 19 అంగుళాల వెడల్పు పరికరాలు పట్టే ఇనుప బీరువా. ఎత్తును ‘యూ’ల్లో లెక్కపెడతారు. ఒక యూ 1.75 అంగుళాలు, మామూలు ర్యాక్ 42 యూలు. అందులో స్టోరేజ్ సర్వర్ ఉంటుంది. దానిలో డిస్కులు పెట్టే చోటు అయిపోతే, డిస్కులు మాత్రమే ఉండే మరో పెట్టెను ర్యాక్‌లో బిగించి సర్వర్‌కు కేబుల్ వేస్తారు. ఆ పెట్టెను డిస్క్ ఎన్‌క్లోజర్ అంటారు, కొందరు షెల్ఫ్ అంటారు. 2 యూల ఎన్‌క్లోజర్‌లో పెద్ద డిస్కులైతే 12, చిన్నవైతే 24 పడతాయి. 4 యూల ఎత్తులో 60 డిస్కులు పట్టేవి కూడా ఉన్నాయి. డిస్కులన్నీ పెట్టాక వాటిలో కొన్ని వంద కిలోలు దాటుతాయి. అందుకే బరువైనవాటిని ర్యాక్ అడుగున పెడతారు, ఒంటరిగా ఎవరూ ఎత్తరు.

ఎన్‌క్లోజర్ వెనక కేబుళ్లు తగిలించే రెండు మాడ్యూళ్లు ఉంటాయి, ఏ, బీ అనుకుందాం. రెండు పవర్ సప్లైలు కూడా ఉంటాయి, వాటిని రెండు వేర్వేరు కరెంటు లైన్లకు పెట్టాలి. కేబుళ్లు ఎస్‌ఏఎస్ రకం. ఇప్పుడు ఎక్కువగా కనిపించే 12 గిగాబిట్ కేబుల్‌లో నాలుగు లేన్లు ఉంటాయి, అంటే మొత్తం 48 గిగాబిట్లు. పాత 6 గిగాబిట్ పరికరాల ప్లగ్ వేరే ఆకారం, ఎస్‌ఎఫ్‌ఎఫ్-8088. కొత్తదాని పేరు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8644. కేబుల్ తెప్పించే ముందు రెండు చివర్లా ఏ ప్లగ్ కావాలో చూసుకోకపోతే ఆ రోజు పని వృథా. ప్లగ్ ఒక్క వైపే లోపలికి వెళ్తుంది, టక్ మని కూర్చుంటుంది. కూర్చోకపోతే తిప్పి చూడాలి, బలం పెట్టకూడదు.

ఇంతవరకు ఎవరైనా నేర్చుకోగలరు. అసలు పని దారి వేయడంలో ఉంది.

ఒకటి, రెండు, మూడు అని పైనుంచి కిందికి మూడు ఎన్‌క్లోజర్లు ఉన్నాయనుకోండి. సర్వర్‌లోని కేబుళ్లు తగిలించే రెండు కార్డుల్లో మొదటిదాని నుంచి బయల్దేరిన కేబుల్ ఒకటో దాని ఏ మాడ్యూల్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి రెండో దాని ఏకు, ఆపైన మూడో దాని ఏకు. రెండో కార్డు నుంచి వచ్చే కేబుల్ కూడా పైనుంచే మొదలవ్వాలా? ఇక్కడే చాలామంది పొరబడతారు. అది అడుగు నుంచి మొదలవ్వాలి: ముందు మూడో దాని బీ, తర్వాత రెండు, చివర ఒకటి. ఎందుకంటే రెండో ఎన్‌క్లోజర్ మొత్తం ఆగిపోతే ఒకటో దానికి ‘ఏ’ దారి ఉంటుంది, మూడో దానికి ‘బీ’ దారి ఉంటుంది. రెండు దారులూ పైనుంచే వేస్తే మధ్యది పోగానే మూడోది కూడా పోతుంది. ఒకటి ఎస్.కోట దారి, రెండోది పాడేరు దారి. రెండు బస్సులూ ఎస్.కోట నుంచే బయల్దేరితే ఘాట్ తెగిన రోజు హుకుంపేటకు ఎవరు వెళ్తారు?

ఇంకో సంగతి. ఎస్‌ఏఎస్ డిస్కుకు రెండు పోర్టులు ఉంటాయి, సాటా డిస్కుకు ఒకటే. తక్కువ ధర చూసి సాటా డిస్కులు పెడితే, మీరు ఎంత శ్రద్ధగా రెండు దారులు వేసినా డిస్కు గుమ్మం ఒక్కటే.

ఈ పనిలో నన్ను ఇప్పటికీ భయపెట్టేది ఒకటుంది. తప్పుగా వేసిన కేబుల్ కూడా పనిచేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక ఆఫీసు సర్వర్ గదిలో ఎన్‌క్లోజర్ కలిపాను. రెండు కేబుళ్లనూ ఒకే మాడ్యూల్‌లోని రెండు పోర్టులకు పెట్టాను. అన్ని దీపాలూ పచ్చగా వెలిగాయి, డిస్కులన్నీ కనిపించాయి, నేను సంతోషంగా ఇంటికి వెళ్లాను. నెలల తర్వాత ఆ మాడ్యూల్ చెడిపోయింది. ఆ పెట్టెలోని డిస్కులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. రెండో మాడ్యూల్ దిట్టంగానే ఉంది, దానికి కేబులే లేదు. ఆ రాత్రి మా సీనియర్ కేకలు వేయలేదు. కాగితం, పెన్ను నా ముందు పెట్టి ‘నువ్వు తగిలించింది తగిలించినట్టు గీయి తమ్ముడూ’ అన్నారు. గీస్తుంటేనే తప్పు కనపడింది. అప్పటి నుంచి ముందు గీయకుండా ఒక్క కేబుల్ ముట్టలేదు. మీకు నేర్పదలచుకున్న విద్య కూడా ఇదే.

నడుస్తున్న వ్యవస్థకు నాలుగో ఎన్‌క్లోజర్ కలపడం చూద్దాం. ఆపకుండా కలపవచ్చని కంపెనీ మాన్యువల్ చెబితేనే ఇలా చేయాలి. కొత్త పెట్టెను బిగించి, కరెంటు ఇచ్చి, మిగతావాటికి లేని నంబరు దానికి కేటాయిస్తారు. కొన్ని రకాల్లో నంబరు మార్చాక కరెంటు తీసి మళ్లీ ఇస్తేగాని అది అమల్లోకి రాదు. తర్వాత ప్రతి డిస్కూ రెండు దారుల్లోనూ కనిపిస్తోందో లేదో సర్వర్‌లో చూస్తారు. లినక్స్‌లో దీనికి మల్టీపాత్ ఆదేశం ఉంది. ఈ మెట్టు దాటేసినవాళ్లే ప్రమాదం తెస్తారు. ‘ఏ’ దారి అప్పటికే తెగి ఉంటే, మీరు బీ కేబుల్ తీసిన క్షణాన అంతా పోతుంది. రెండూ బాగున్నాయని తేలాక మూడో దాని ఏ నుంచి నాలుగో దాని ఏకు కొత్త కేబుల్ వేస్తారు. ఆపైన సర్వర్ నుంచి మూడో దాని బీకి వస్తున్న కేబుల్ తీసి నాలుగో దాని బీకి పెడతారు, నాలుగో దాని బీ నుంచి మూడో దాని బీకి మరో కేబుల్ వేస్తారు. ఈ కాసేపూ బరువంతా ‘ఏ’ దారి మోస్తుంది. చివరగా మళ్లీ డిస్కుల దారులు లెక్కపెడతారు. ఏ కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికో రెండు చివర్లా చీటీ అంటిస్తారు.

అన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వరుస గుర్తుంచుకోండి. ముందు ఎన్‌క్లోజర్లు, అవి పూర్తిగా లేచాక సర్వర్. ఆపేటప్పుడు ముందు సర్వర్. తలకిందులైతే సర్వర్ నిద్రలేచి డిస్కులు లేవని కంగారు పడుతుంది, డిస్కులను కలిపి ఉంచే రెయిడ్ విరిగిందని చూపిస్తుంది.

దీనికి చదువేమిటి? పదో తరగతి తర్వాత రెండు దారులున్నాయి. ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడులు, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు కోపా ఏడాది. అరకులోయలో ప్రభుత్వ ఐటీఐ ఉంది. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. పాడేరులో గిరిజన విద్యార్థుల కోసం ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఎలక్ట్రానిక్స్ గానీ ఎలక్ట్రికల్ గానీ చదివి పక్కన లినక్స్ నేర్చుకున్నవాళ్లు, ఒట్టి కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకంటే సర్వర్ గదిలో త్వరగా కుదురుకుంటారు.

లక్షల ఖరీదు చేసే ఎన్‌క్లోజర్ ఇంట్లో ఎక్కడ దొరుకుతుందని నిరాశపడకండి. ఒక మామూలు కంప్యూటర్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదాని డిస్కును ఐస్కజీ పద్ధతిలో రెండు నెట్‌వర్క్ కార్డుల మీదుగా రెండోదానికి ఇవ్వండి. మల్టీపాత్ అమర్చండి. పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ఒక కార్డు ఆపండి. కాపీ కాసేపు తడబడి మళ్లీ సాగుతుంది. దీన్ని పదిసార్లు చేసి, ప్రతిసారీ ఏం చూశారో నోటుబుక్కులో రాసుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో ‘మధ్య షెల్ఫ్ పోతే చివరి షెల్ఫ్‌కు దారేది?’ అని అడిగితే బిత్తరపోరు, బల్ల మీది కాగితం అందుకుంటారు.

మన ప్రాంతంలో చదువుకున్న పిల్లల ఆశ చాలాకాలం టీచర్ ఉద్యోగం మీదే ఉండేది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీఓ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేశాక ఆ ఆశకు దెబ్బ తగిలింది. ఒక్క దారినే నమ్ముకున్న ఇళ్లు ఎంత నలిగిపోయాయో దగ్గర నుంచి చూశాను. మరోవైపు, ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ నుంచి 1955 నుంచీ ఈ కొండల నీటి కరెంటు మైదానానికి దిగుతోంది. ఆ కరెంటుతో నడిచే గదుల్లో ఈ కొండల పిల్లల చేతులు కూడా పనిచేయాలని నా కోరిక.

చివరగా చిన్నదనిపించే పెద్ద పని ఒకటి. డేటా సెంటర్‌లో అడుగుపెట్టే ప్రతి ఉద్యోగి పూర్వాపరాలు పరిశీలిస్తారు. కొర్రా, కిల్లో, వంతల, గెమ్మెలి వంటి మన ఇంటిపేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కో గుమస్తా ఒక్కోలా రాస్తారు. పదో తరగతి మెమోలో ఒక ‘ఆర్’, ఆధార్‌లో రెండు, కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో వెనక. ఉద్యోగం ఖాయమయ్యాక ఈ తేడాల వల్ల వారాల తరబడి ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి పదో తరగతి మెమో చేతికి రాగానే, అదే స్పెల్లింగ్‌తో మిగతా కాగితాలన్నీ ఆ వేసవిలోనే దిద్దించుకోండి. మెమోలోనే తప్పుంటే ముందు బడి హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాతే ఆధార్ కేంద్రానికి.