వెబ్‌సైటుకు ఉన్నట్టుండి జనం పెరిగారా? సోమల వైపు వాళ్లకు కొన్ని చిట్కాలు

టమోటా ధరల పేజీయో, నారు అమ్మే నర్సరీదో, బోయకొండ గుడికి దారి చెప్పేదో, మీకొక చిన్న వెబ్‌సైటు ఉందనుకోండి. రోజూ రెండు మూడు వందల మంది చూసేది. ఒక పొద్దున లెక్క తెరిస్తే పదివేలు. బంధువులకు స్క్రీన్‌షాట్ పంపేముందు, హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి పెద్ద ప్లాన్ కొనేముందు, ఒక గంట కూర్చుని ఈ కిందివి చూడండి. వరుస తప్పొద్దు. ముందు లెక్క సరైనదేనా, తర్వాత వచ్చింది మనుషులేనా, ఆ తర్వాతే ఎందుకొచ్చారన్న ప్రశ్న. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి లేని కారణాలు కల్పించుకుంటారు.

1. పెరిగింది ఏ లెక్కో చూడండి. హోస్టింగ్ ప్యానెల్ చూపించే ‘హిట్లు’ మనుషులు కావు. నలభై ఫొటోలున్న పేజీని ఒక్కరు ఒక్కసారి తెరిస్తే నలభై ఒక్క హిట్లు పడొచ్చు. నిన్న ఆవుల ఫొటో గ్యాలరీ కొత్తగా పెట్టి ఉంటే కారణం అక్కడే దొరికింది, మిగతావి చదవక్కర్లేదు. గూగుల్ అనలిటిక్స్ లెక్క మారకుండా హోస్టింగ్ లెక్క మాత్రమే ఎగబాకితే చాలావరకు అది యంత్రాల పని. ఎక్కువ బాట్లు (తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు) పేజీలోని జావాస్క్రిప్టును నడపవు కాబట్టి అనలిటిక్స్‌కు కనబడవు, సర్వర్‌కు మాత్రం కనబడతాయి.

2. సరిగ్గా రెట్టింపయితే ముందు మీ ఇంటినే వెతకండి. లెక్కపెట్టే కోడ్ థీమ్‌లో ఒకసారి, ప్లగిన్‌లో ఒకసారి ఉంటే ప్రతి వ్యూ రెండుసార్లు పడుతుంది. గూగుల్ పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న కొత్త లెక్కలు తీసుకోవడం ఆపేసింది. ఆ మార్పు హడావిడిలో కొత్త కోడ్ రెండు చోట్ల అతికించుకునే అవకాశం ఎక్కువ. అదే నెలలో టమోటా ధర కూడా ఆకాశానికి పోయింది. అప్పటి గ్రాఫును ఇప్పుడు చూసి మురిసిపోయేవాళ్లు ఈ రెండింటినీ విడదీసి చూసుకోవాలి.
అంగట్లో ఒక కంప్యూటర్‌లో ధరల పేజీ రోజంతా తెరిచే ఉండి, అరనిమిషానికోసారి తనంతట తానే రీఫ్రెష్ అవుతుంటే అదీ ఇంటి లెక్కే. మీ ఐపీ అడ్రసును లెక్కలోంచి తీసేయండి.

3. ఒక్క పేజీ పెరిగిందా, అన్నీ పెరిగాయా? నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే. మనుషులు ఏదో ఒకదానికోసం వస్తారు. ఒక పేజీ మీద పడి, పక్కదాన్ని ఒకటి రెండు చూసి పోతారు. ఎప్పుడో 2019లో రాసి మరిచిపోయిన పేజీ, ‘మమ్మల్ని సంప్రదించండి’ పేజీ, నిన్నటి ధరల పేజీ, అన్నీ ఒకే కొలతలో పెరిగాయంటే ఏదో బాట్ మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోయిందని అర్థం.

4. రాత్రి రెండింటికి ఏం జరిగిందో చూడండి. మన జనం నిద్రపోతారు, గ్రాఫు కూడా కిందికి దిగాలి. రాత్రీ పగలూ ఒకే ఎత్తులో గీత నడిస్తే అది మనుషులది కాదు. గల్ఫ్, అమెరికాల్లో ఉన్నవాళ్లు కొంత కలుస్తారు కానీ గీతను నున్నగా చేసేంత కాదు.
ఇంకొకటి. గూగుల్ వెతుకులాటలో మీ సైటు ఎట్లా కనబడిందో చూపే సెర్చ్ కన్సోల్‌లో రోజువారీ లెక్క అమెరికా పశ్చిమ తీరపు కాలమానంలో ఉంటుంది. మనకూ దానికీ వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటల తేడా. మన పొద్దుటి రద్దీ ముందురోజు ఖాతాలో పడుతుంది. ‘ధర పెరగకముందే జనం ఎట్లా వచ్చారబ్బా’ అని తల పట్టుకోకండి.

5. ఊళ్ల పేర్లను అనుమానంతో చదవండి. సోమలలో ఫోన్ పట్టుకుని చూసినవాళ్లు బెంగళూరనో హైదరాబాదనో కనబడొచ్చు. మొబైల్ నెట్‌వర్క్ ఐపీ ఎక్కడ తేలితే ఆ ఊరే వస్తుంది. బోర్డ్‌మన్ (ఒరెగాన్), కౌన్సిల్ బ్లఫ్స్ (అయోవా) వంటి పేర్లు గుంపుగా వస్తే అవి డేటా సెంటర్ల ఊళ్లు. 2025 చివర్లో ప్రపంచంలో చాలా వెబ్‌సైట్లకు చైనాలోని లాంఝౌ నుంచి, సింగపూర్ నుంచి ఇలాగే ఉత్తుత్తి రద్దీ వచ్చింది.
తికమక పెట్టేది వర్జీనియాలోని ఆష్‌బర్న్. ప్రపంచంలోనే డేటా సెంటర్లు బాగా కిక్కిరిసిన చోటు అది, తెలుగు కుటుంబాలు బాగా ఉన్న చోటూ అదే. యంత్రమా, మనవాళ్లా? పేజీలో ఎంతసేపున్నారు, ఫోన్‌లో చూశారా, అక్కడి సాయంత్రం వేళ వచ్చారా అన్నవి చూస్తే తేలుతుంది. ఒక్క సెకనులో వెళ్లిపోయినవాళ్లు పండగ తేదీలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు కారు.

6. సర్వర్ లాగ్ తెరవడానికి భయపడకండి. చూడ్డానికి చిందరవందరగా ఉన్నా ప్రతి వరుసలో వచ్చిన బ్రౌజరో బాటో తన గురించి చెప్పుకున్న పేరు ఉంటుంది. గూగుల్‌బాట్, బింగ్‌బాట్ వెతికి పెట్టేవి, వాటిని రానివ్వాలి. జీపీటీబాట్, క్లాడ్‌బాట్, బైట్‌స్పైడర్ ఏఐ కంపెనీల తరఫున వచ్చేవి. అవి వద్దనుకుంటే సైటులోని రోబోట్స్ ఫైల్ (robots.txt)లో ఒక మాట రాయొచ్చు. అది విన్నపమే, తాళం కాదు. గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకున్నదల్లా గూగుల్‌ది కాదు కూడా. ఆ ఐపీ ఎవరిదో వెనక్కి వెతికితే (రివర్స్ డీఎన్‌ఎస్) గూగుల్ పేరు రావాలి.
ఈ బాధ చిన్నవాళ్లకే కాదు. తమ సర్వర్లకు బాగా ఖర్చు పెట్టించే ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదేననీ, పేజీ వ్యూస్‌లో మాత్రం వాటి వాటా 35 శాతమేననీ 2025 ఏప్రిల్‌లో వికీమీడియా ఫౌండేషన్ చెప్పింది. మన తెలుగు వికీపీడియా నడిచేదీ ఆ సర్వర్ల మీదే.

7. అనలిటిక్స్‌లో ‘డైరెక్ట్’ అని ఉంటే ముందు వాట్సాప్ అనుకోండి. వాట్సాప్‌లోంచి లింకు నొక్కి వచ్చినవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చిందీ చాలాసార్లు తెలియదు, అందరూ డైరెక్ట్ కింద పడతారు. మన పల్లెల్లో వార్త నడిచే దారే అది. ఒక కిటుకు ఉంది. లింకును మెసేజ్‌లో పెట్టినప్పుడు ఫొటోతో వచ్చే చిన్న డబ్బాకోసం పంపేవాళ్ల ఫోనే మీ పేజీని ఒకసారి తాకుతుంది, లాగ్‌లో వాట్సాప్ అన్న పేరు పడుతుంది. ఆ పేరు మొదట ఎన్ని గంటలకు పడిందో చూస్తే అల ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది. ఫార్వర్డ్‌లు ఇందులో కనబడవు.
అంతకన్నా సులువు, తెలిసినవాళ్లను అడగడం. మండీలో ఒకరు, బడిలో ఒకరు, మహిళా సంఘంలో ఒకరు. ‘అన్నా, మన లింకు ఏమన్నా గ్రూపులో తిరుగుతా ఉందా?’ అంటే అయిదు నిమిషాల్లో స్క్రీన్‌షాట్ వస్తుంది. ఏ డ్యాష్‌బోర్డూ ఇంత త్వరగా చెప్పదు.

8. సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు టైప్ చేశారో చదవండి. పదహారు నెలల లెక్క ఉంటుంది. పూర్తి వివరం రావడానికి రెండు రోజులు పట్టొచ్చు. మీ సైటు పేరే టైప్ చేసి వస్తుంటే టీవీలోనో యూట్యూబ్‌లోనో ఎవరో మీ పేరు చెప్పి ఉంటారు. వెతుకులాటేమీ పెరగకుండా ‘డిస్కవర్’ అన్న భాగంలో గీత లేస్తే, గూగులే జనం ఫోన్లలో మీ పేజీని చూపించిందన్నమాట. అది ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది. మీరు రాయని జపనీస్ అక్షరాలు కనబడితే మాత్రం అన్నీ ఆపి పాస్‌వర్డ్‌లు మార్చండి. సైటు హ్యాక్ అయింది.

9. జనం పెరగలేదు, డేటా మాత్రం అయిపోయింది. అయితే మీ ఫొటోను ఇంకెవరో తమ పేజీలో మీ సర్వర్ నుంచే చూపిస్తూ ఉండొచ్చు. అదే అయితే లాగ్‌లో ఒక్క ఫొటో ఫైలే వేలసార్లు ఉంటుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ‘హాట్‌లింక్ ప్రొటెక్షన్’ నొక్కితే ఆగిపోతుంది.

10. లాగిన్ పేజీ మీదే వేలసార్లు తాకితే అది జనాదరణ కాదు, పాస్‌వర్డ్ ఊహించే ప్రయత్నం. వర్డ్‌ప్రెస్ సైట్లకు ఇది రోజూ ఉండే పీడ.

11. ఎవరో తెలియని సైటు నుంచి వందలమంది వచ్చినట్టు కనబడితే, ‘ఎవరబ్బా’ అని ఆ లింకు నొక్కకండి. మీరు నొక్కాలనే వాళ్లు ఆ పేరును అక్కడ పడేస్తారు.

12. యంత్రాలు కావని తేలాక గోడమీది క్యాలెండరు చూడండి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, బోయకొండలో దసరా, వేసవిలో హార్స్‌లీ హిల్స్ ప్రయాణాలు, పది, ఇంటర్ ఫలితాల రోజులు. ఇవి ఏటా వచ్చే రద్దీలు, ‘అనుకోని’ లెక్కలోకి రావు. ఆగస్టు 15కూ జనవరి 26కూ ముందు మదనపల్లె చరిత్ర పేజీ లేస్తే ఆశ్చర్యం వద్దు. రవీంద్రనాథ్ టాగూర్ 1919 ఫిబ్రవరిలో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి బీసెంట్ థియసాఫికల్ కాలేజీలోనే. బడిపిల్లల ఉపన్యాసాలకు అది కావాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, సోమల అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయింది. అలాంటి రోజున ‘మా మండలం ఏ జిల్లా’ అన్న పేజీ ఉన్నవాళ్లకు పండగే. పోల్చేటప్పుడు నిన్నటితో కాదు, పోయిన ఏడాది ఇదే పండగ వారంతో పోల్చండి.

13. క్యాలెండరులోనూ లేకపోతే దూరపు వార్త వెతకండి. మన పక్క పెద్ద రద్దీలు ఢిల్లీ మీదుగా వచ్చాయి. 2023 జులైలో మదనపల్లె మండీలో టమోటా కిలో నూరు దాటి, నెలాఖరుకు రెండు వందల దగ్గరికి చేరింది. అంతలో ఢిల్లీలో అమ్మడానికి ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమోటాలు కొనమని సహకార సంస్థలైన నాఫెడ్‌కూ ఎన్‌సీసీఎఫ్‌కూ కేంద్రం చెప్పింది. సోమల మండలంలో ఒక రైతు కుటుంబం నెలన్నరలో టమోటాలతో కోట్లు సంపాదించిందన్న వార్త దేశమంతా తిరిగింది. కాయ అమ్మింది కోలారులో, వెతికింది సోమల పేరు. అలాంటప్పుడు వచ్చేవాళ్లు రైతులు కారు. ధర కన్నా ‘ఆ ఊరెక్కడ’ అన్నదే వాళ్లు చూస్తారు.
ఆర్నెల్లకు, 2024 జనవరి 14న, ప్రధాని మోదీ తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత తినిపించే ఫొటోలు వచ్చాయి. డెబ్భై నుంచి తొంభై సెంటీమీటర్ల ఎత్తుండే ఆ ఆవులంటే దేశానికి ముద్దొచ్చింది. అలాంటి రోజున గూగుల్ ట్రెండ్స్ తెరిచి, ‘పుంగనూరు’ అన్న మాటను దేశం మొత్తానికి ఒకసారి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకసారి చూడండి. దేశంలో లేచి మన రాష్ట్రంలో అంతగా లేవకపోతే వార్త బయటినుంచి వచ్చింది.

14. కారణం తెలిశాక తేదీ వేసి నోటుబుక్కులో రాయండి: ‘ఫలానా రోజు, ఫలానా పేజీ, టీవీ వార్త’. ఆరు నెలలకు మీకే గుర్తుండదు. ఇకముందు గ్రూపుల్లో మీరే లింకు పెట్టేటప్పుడు చివర యూటీఎం గుర్తు (లింకు ఎక్కణ్ణుంచి నొక్కారో చెప్పే తోక) తగిలించండి, డైరెక్ట్ కుప్పలో కలిసిపోకుండా విడిగా కనబడుతుంది.

15. వచ్చినవాళ్లకు కావలసింది ఆ పూటే పేజీలో పెట్టండి. పుంగనూరు ఆవు ధర అడుగుతూ వస్తే, మోసపోకుండా అసలు జాతి గురించి కనుక్కోవడానికి పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఉందని రెండు వాక్యాలు రాయండి. హోస్టింగ్ ప్లాన్ మాత్రం వారం ఆగి మార్చండి, చాలావరకు అవసరం ఉండదు.
ఎరువుల అంగడివాళ్లు ప్రకటన ఇస్తామని లెక్క అడిగితే, ఈ రద్దీ వారాన్ని పక్కన పెట్టి దానికి ముందు నెలది చూపించండి. ఆవు ఫొటో చూసి వచ్చిన ఢిల్లీవాళ్లు పుంగనూరు అంగట్లో డ్రిప్పు పైపులు కొనరు.