బ్యాటరీ కొత్తదే, అయినా ట్రాక్టర్ తోయాల్సి వస్తోంది

ప్రశ్న: మాది రాయ్‌పూర్ దగ్గర అభన్‌పూర్. పాత ట్రాక్టర్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. అయినా పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదు. ఆల్టర్నేటర్ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక రైతు

జవాబు: తొందరపడి డబ్బు పెట్టకండి. ముందు మల్టీమీటర్‌తో చూడండి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా కాస్త రేస్ ఇస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. అంత వస్తుంటే ఛార్జింగ్ బాగానే ఉంది. బండి ఆగాక ఏదో వైరు కరెంటు లాగేస్తోందేమో వెతకాలి.

రీడింగ్ పెరగకపోతే ఇంజిన్ ఆపి ఫ్యాన్ బెల్టు చూడండి. వదులైతే బిగించండి. టెర్మినళ్లమీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటే వైర్లు తీసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు కింద తుప్పుంటే గీకేయండి. పాత బళ్లలో లోపం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగాలి. చాలా మోడళ్లలో ఆల్టర్నేటర్‌కి తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. బల్బు మాడితే ఛార్జింగ్ మొదలవదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఆల్టర్నేటర్ విప్పించండి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఎప్పుడూ పీకకండి, డయోడ్లు కాలిపోతాయి. మీ వైపు మే ఎండలకి బ్యాటరీలో నీళ్లు త్వరగా తగ్గుతాయి. మూతలు తీసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.