తెర ముందు బాల్యం

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు వాడకాన్ని పిల్లలు తేలికగా అలవరచుకుంటారు. దానిని వాడే వివేకాన్ని మాత్రం పెద్దలు శ్రద్ధతో నేర్పవలసి ఉంటుంది. ప్రాథమిక పాఠశాలలో ఈ రెండూ కలిసి సాగవలసిన ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని పట్టణాలు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ప్రత్తి, మిరప పండే ఈ సీమ మీదుగా హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి సాగుతుంది. రహదారి పక్కనున్న ఊళ్లలో పిల్లలకు ముందుగా నేర్పే జాగ్రత్త రోడ్డు దాటడం. వాహనాలకు భయపడి ఎవరూ పిల్లలను ఇంట్లో బంధించరు. అలాగని ఒంటరిగానూ పంపరు. కొంతకాలం చేయి పట్టుకొని దాటిస్తారు. ఇరువైపులా చూడడం అలవాటైన తరువాతనే చేయి వదులుతారు. అంతర్జాలం కూడా నేడు ఇంటి ముంగిటికి వచ్చిన రహదారి వంటిదే. కానీ దాని విషయంలో ఈ క్రమం తలక్రిందులైంది. చేయి పట్టుకొనేవారు లేకుండానే పిల్లలు ఆ దారిలో అడుగుపెట్టారు.

మన దేశంలో కంప్యూటరు చదువు పై తరగతులలో మొదలైంది. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం ద్వారా ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలలలో దానిని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. 2004 డిసెంబరులో ఆరంభమైన ఐ.సి.టి. పథకం కూడా ఉన్నత పాఠశాలలకు ఉద్దేశించినదే. చిన్న తరగతుల పిల్లలు చాలాకాలం ఈ చదువుకు దూరంగానే ఉన్నారు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా పాఠశాలలు మూతపడ్డాయి. అప్పుడు ఎన్నో ఇళ్లలో సెల్‌ఫోనే పిల్లల పలక అయింది. పాఠం చూపిన ఆ తెరపైకే ఆటలు, ప్రకటనలు, అపరిచితుల పలకరింపులు కూడా వచ్చి చేరాయి.

యంత్రాన్ని వాడడం పిల్లలకు కష్టమైన విద్య కాదు. 1999లో సుగతా మిత్రా అనే విద్యావేత్త ఢిల్లీలోని కాల్కాజీలో, మురికివాడకు ఆనుకొని ఉన్న గోడలో ఒక కంప్యూటరును అమర్చారు. బోధించేవారు ఎవరూ లేకున్నా అక్కడి పిల్లలు ఒకరిని చూసి ఒకరు దానిని వాడడం నేర్చుకున్నారు. ఈ ప్రయోగం పిల్లల చొరవను లోకానికి చాటింది. చొరవతోనే వివేకం అలవడదు. ఏ మీట నొక్కితే ఏమి తెరుచుకుంటుందో పిల్లలు కనిపెట్టగలరు; తెరుచుకున్న దానిని నమ్మవచ్చునో లేదో చెప్పడానికి మరొకరి తోడు కావాలి. ఉపాధ్యాయుని అవసరం అక్కడే ఉంది.

ఈ బోధనకు తరగతి నిండా యంత్రాలు ఉండనవసరం లేదు. కంప్యూటరు పనికి మూలం క్రమబద్ధమైన ఆలోచన. ఒక బాలిక ముగ్గులో చుక్కలు ఎన్నో, గీత ఎక్కడ మొదలై ఎటు తిరగాలో వరుసగా చెప్పాలి. మరొకరు విన్నది విన్నట్లు గీయాలి. ముగ్గు తప్పితే ఏ సూచన కొరవడిందో ఇద్దరూ వెదకాలి. ప్రోగ్రాము రాయడం, అందులోని తప్పును సరిదిద్దడం ఇటువంటివే. మిరపకాయలు ఏరేటప్పుడు ఎర్రనివాటిని ఒక కుప్పగా, రంగు మారిన తాలుకాయలను మరొక కుప్పగా పోస్తారు. ‘ఇలా ఉంటే ఇటు, లేకుంటే అటు’ అనే ఈ నియమంతోనే కంప్యూటరు నిర్ణయాలు తీసుకుంటుంది.

తాలును వేరుచేసే నేర్పు తెరపై కనిపించే మాటలకూ వర్తించాలి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా తెలుగు రాష్ట్రాలలో వ్యాపించింది. అనుమానంతో జనం అమాయకులపై దాడి చేయగా ప్రాణాలు కూడా పోయాయి. ఆ సందేశాలను పంపినవారిలో పిల్లల క్షేమం కోరినవారే ఎందరో ఉండి ఉంటారు. ‘ఇది ఎవరు చెప్పారు? వారికెలా తెలుసు?’ అని అడిగే అలవాటు బాల్యంలోనే ఏర్పడితే ఇటువంటి అనర్థాలు తగ్గుతాయి.

పిల్లలకు నేర్పవలసిన జాగ్రత్తలు కొద్దిపాటివే. పాస్‌వర్డ్, ఓటీపీ ఇంటి తాళపుచెవి వంటివి. వాటిని పరులకు చెప్పరాదు. ఊరు, బడి, ఫోటో అపరిచితులకు తెలపరాదు. ‘ఈ సంగతి ఇంట్లో చెప్పవద్దు’ అని ఎవరైనా అంటే, ఆ సంగతినే వెంటనే ఇంట్లో చెప్పాలి.

ఈ చివరి జాగ్రత్త పిల్లల కంటె పెద్దల మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంది. జరిగినది చెప్పిన బిడ్డను దండించి, ఫోను లాగుకొంటే ఆ బిడ్డ మరొకసారి నోరు విప్పదు. బెదిరించేవారికి కావలసినది ఆ మౌనమే. బాలలను లైంగిక వేధింపుల నుండి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆపదలోనున్న బాలల సహాయానికి 1098, సైబరు ఆర్థిక మోసాల ఫిర్యాదుకు 1930 నంబర్లు ఉన్నాయి. అయితే చట్టమైనా, నంబరైనా పనిచేయాలంటే ముందు బిడ్డ నోరు విప్పాలి. వినేవారు ఓపికతో వినాలి. తప్పు మోసగించినవారిదే కాని మోసపోయిన బిడ్డది కాదన్న నమ్మకాన్ని బడి, ఇల్లు కలిసి కలిగించాలి.

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారిని బాలలుగానే పరిగణించింది. జూనియర్ కళాశాల విద్యార్థులలో చాలామంది ఈ పరిధిలోనివారే. అయినా ఎన్నో ఇళ్లలో ఫోను సంగతులు బాగా తెలిసినది వారికే. తమ్ముళ్లు, చెల్లెళ్లు వారిని చూసే నేర్చుకుంటారు. కనుక చేయి పట్టుకొని దారి దాటించవలసిన వారిలో అన్నలు, అక్కలు కూడా ఉన్నారు.

కఠిన పదాలు – అర్థాలు

ఆవశ్యకత = అవసరం
వివేకం = మంచిచెడుల తెలివిడి
చొరవ = ముందుకు వచ్చే గుణం
కొరవడు = లోపించు
వదంతి = ఆధారంలేని వార్త, పుకారు
అనర్థం = కీడు

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ప్రాథమిక పాఠశాలలో కంప్యూటరు చదువుతోపాటు అంతర్జాల భద్రతను ఎందుకు బోధించాలో వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ముగ్గు ద్వారా, మిరపకాయల ఏరివేత ద్వారా పిల్లలకు ఏమి బోధించవచ్చు?
2. జరిగినది చెప్పిన బిడ్డను దండిస్తే కలిగే నష్టమేమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాల్కాజీ ప్రయోగం ఎప్పుడు జరిగింది?
2. ఆపదలోనున్న బాలలకు సహాయం అందించే ఫోను నంబరు ఏది?